గోడంత చెక్క అచ్చు: చిన్నగా ఉంచిన మనుషుల పెద్ద బొమ్మలు

పెనుగొండలో గానీ, పక్కనున్న తణుకు, పాలకొల్లులో గానీ ప్లైవుడ్ షాపుకు వెళ్లి షీటు కావాలంటే ముందు అడిగేది మందం ఎంత అని. పొడవు, వెడల్పు ఎవరూ అడగరు. అది ఎప్పుడూ ఎనిమిది బై నాలుగే. ఆ షీటుతోనే మన వడ్రంగులు తలుపులు, బీరువాలు, మంచాలు చేస్తారు. అదే కొలత చెక్క మీద అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో లతోయా హాబ్స్ అనే నల్లజాతి చిత్రకారిణి తన ఇంటిని చెక్కారు. పక్కపక్కన పెట్టిన మూడు పలకలు ఒక దృశ్యం. మొత్తం ఐదు దృశ్యాలు, పదిహేను పలకలు. వరసగా నిలబెడితే ఎనిమిది అడుగుల ఎత్తు, 60 అడుగుల పొడవు ఉన్న గోడ అవుతుంది.

హాబ్స్ 1983లో పుట్టారు. అదే సంవత్సరం విశాఖపట్నంలో పుట్టిన సోగ్రా ఖురసానీ కూడా చెక్కనే ఎంచుకున్నారు. ఆమె కూడా చేతిలో పట్టే బొమ్మలతో సరిపెట్టుకోలేదు. గోడను ఆక్రమించే సైజులో ఎర్రటి నేలలు, బద్దలయ్యే కొండలు చెక్కి అచ్చు తీశారు. వీళ్ల పనిని దళిత చిత్రకళ అని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కానీ వీళ్ల పని ముందు నిలబడితే మన ఉద్యమానికి చాలా దగ్గరైన ప్రశ్న ఒకటి వస్తుంది. బొమ్మ ఎంత పెద్దగా ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు? ఎవరి బొమ్మ గోడ ఎక్కుతుంది, ఎవరిది ఎక్కదు?

చెక్క అచ్చు అంటే

ఇంగ్లీషులో వుడ్‌కట్ అనే ఈ పద్ధతి అచ్చు కళల్లో చాలా పాతది. నున్నగా చేసిన చెక్క మీద బొమ్మ గీస్తారు. తెల్లగా కనపడాల్సిన చోటల్లా ఉలితో తవ్వేస్తారు. నల్లగా కనపడాల్సిన చోటు తవ్వకుండా వదిలేస్తారు. పైన రోలరుతో సిరా పూస్తే ఎత్తుగా మిగిలిన భాగానికే అంటుతుంది, గుంటల్లోకి దిగదు. దాని మీద కాగితమో గుడ్డో పరిచి నొక్కితే బొమ్మ దిగుతుంది. రబ్బరు స్టాంపు పనిచేసే తీరే ఇది.

ఇందులో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి పడుతుంది. "జై భీమ్" అని అచ్చు వేయాలంటే చెక్క మీద అక్షరాలు కుడి నుంచి ఎడమకు తిప్పి చెక్కాలి. రెండు, తవ్విన చెక్కను మళ్లీ పూడ్చడం దాదాపు కుదరదు. కాన్వాసు మీద రంగు తప్పితే పైన ఇంకో రంగు వేసుకోవచ్చు. చెక్కలో ఉలి జారితే ఆ జారిన గీత కూడా బొమ్మలో భాగమైపోతుంది.

ఇంకా పెద్ద తేడా ఒకటుంది. రంగుల చిత్రం ఒక్కటే ఉంటుంది, కొన్నవాడి ఇంట్లో ఉంటుంది. చెక్క అచ్చు ఒకసారి చెక్కితే పది తీయవచ్చు, వంద తీయవచ్చు. అందుకే కెమెరా, ఆఫ్‌సెట్ రాకముందు కరపత్రాలకు, పత్రికలకు, పోస్టర్లకు చెక్కే ఆధారం. తర్వాత యంత్రాలు వచ్చి ఆ పని తీసుకున్నాయి. అయినా అణగారిన మనుషుల గురించి చెప్పాలనుకున్న చిత్రకారులు మళ్లీ మళ్లీ చెక్క దగ్గరికే వచ్చారు. ఖర్చు తక్కువ, ప్రెస్సు లేకపోయినా చేతితో తీయవచ్చు, నలుపు తెలుపుల్లో దూరం నుంచి కూడా కంటికి తగులుతుంది.

సైజు దగ్గరే గొడవ

అచ్చు బొమ్మ చాలాకాలం చిన్నదే. పుస్తకం పేజీ అంత, పోస్టరు అంత. ప్రెస్సు ఎంత వెడల్పు ఉంటే బొమ్మ అంతే. పెద్ద సైజు రాజులకు, దేవుళ్లకు, యుద్ధాలు గెలిచినవాళ్లకు వేసే తైలవర్ణ చిత్రాలది. యూరప్ కళాశాలల్లో ఈ లెక్క బహిరంగంగానే ఉండేది. చరిత్రా పురాణమూ పెద్ద కాన్వాసు మీద, వంటింటి పనీ కూలి మనిషీ చిన్న చట్రంలో.

ఈ లెక్క గోదావరి డెల్టాలో వేరే రూపంలో మనకు తెలుసు. పెనుగొండ ఉన్న పశ్చిమ గోదావరి జిల్లాలోనే, పాలకోడేరు మండలం గరగపర్రులో 2017లో అంబేద్కర్ విగ్రహం పెట్టే దగ్గర వివాదం వచ్చి దళితులను సాంఘికంగా బహిష్కరించారు. పొలం పనులకు పిలవడం మానేశారు. పేటలోపల విగ్రహం ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ఊరందరూ నడిచే చోట, మిగతా నాయకుల విగ్రహాల సరసన నిలబడతానంటేనే గొడవ. గోదావరికి అటువైపు, 2022 మే 24న అమలాపురంలో జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ ఇళ్లు తగలబెట్టారు. అక్కడ బొమ్మ కూడా లేదు, పేరే. ఆ పేరు బోర్డు మీద అందరికీ కనపడే సైజులో ఉండటమే భరించలేకపోయారు.

ఆ పక్కనే ఇంకో లెక్క కూడా ఉంది. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న, విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహాలు ఒక్కొక్కటి 125 అడుగులు. ప్రభుత్వం తలుచుకుంటే అంత ఎత్తు లేపగలదు. పేట తలుచుకుంటే పది అడుగుల విగ్రహానికి కూడా స్థలం, అనుమతి, కాపలా కావాలి. విగ్రహం ఒక్క చోటే ఉంటుంది కాబట్టి దాని మీద దాడి చేయడం తేలిక. గుడ్డ మీద తీసిన ఎనిమిది అడుగుల అచ్చును చాపలా చుట్టి ఆటోలో వేసుకుని వెళ్లవచ్చు. సభలో కట్టి, సభ అయ్యాక విప్పి, మరుసటి ఊళ్లో మళ్లీ కట్టవచ్చు. ఒకటి చింపితే అదే చెక్క నుంచి ఇంకొకటి తీయవచ్చు. పెద్ద చెక్క అచ్చు మనకు ఎందుకు ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది. అధికారం చేతిలో లేనివాళ్లు కూడా పెద్దగా కనపడటానికి అది ఒక దారి.

దారి వేసినవాళ్లు

ఈ దారి ఒక్కరు వేసింది కాదు. జర్మనీలో కేథె కోల్విట్జ్ మొదటి ప్రపంచ యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్నారు. తర్వాత 1921-22లో "యుద్ధం" పేరుతో ఏడు వుడ్‌కట్లు చేశారు. వాటిలో సైనికుల విజయాలు ఉండవు. తల్లులు, తండ్రులు, విధవరాళ్లు ఉంటారు. ఆమె అచ్చులను చైనాలో రచయిత లూ షున్ ప్రచారంలోకి తెచ్చారు. 1931 ఆగస్టులో షాంఘైలో ఆయన 13 మంది యువకులకు ఆరు రోజులపాటు చెక్క అచ్చు తరగతి పెట్టించారు. ఆరు రోజుల తరగతి నుంచి పుట్టిన ఉద్యమం తర్వాతి రెండు దశాబ్దాల చైనా రాజకీయ చిత్రకళను మలిచింది. కళాశాల లేదు, పెద్ద నిధులు లేవు. ఒక గది, కొన్ని ఉలులు, నేర్పే మనిషి.

అమెరికా నల్లజాతి చిత్రకారిణి ఎలిజబెత్ కాట్లెట్ ఒక బానిస కుటుంబం మనవరాలు. ఆమె 1946లో మెక్సికో వెళ్లి, అక్కడి ప్రజా అచ్చు కార్యశాలలో చేరి, నల్లజాతి స్త్రీ మీద 15 లినోకట్ల వరస చేశారు. లినోకట్ కూడా ఇదే పద్ధతి, చెక్కకు బదులు మెత్తటి లినోలియం పలక. ఇల్లు తుడిచే స్త్రీ, పొలంలో కూలి చేసే స్త్రీ, యూనియన్ పెట్టే స్త్రీ, చదువుకునే స్త్రీ ఆ వరసలో ఉన్నారు. ఆ తర్వాత ఆమె చేసిన కౌలు కూలి స్త్రీ ముఖం ప్రపంచమంతా తిరిగింది. తలమీద గడ్డి టోపీ, విప్పారిన పైట దగ్గర పెట్టిన పిన్నీసు, ఎవరికీ లొంగని చూపు. కాట్లెట్ అచ్చులు సైజులో చిన్నవే. కానీ ఆ ముఖాన్ని కింది నుంచి పైకి చూసేలా ఆమె చెక్కారు. చిన్న కాగితం మీద కూడా ఆ స్త్రీ మనకంటే ఎత్తుగా ఉంటుంది.

సైజును అసలైన అర్థంలో పెంచింది కెర్రీ జేమ్స్ మార్షల్. 1955లో అలబామాలో పుట్టిన ఈ నల్లజాతి చిత్రకారుడు 1998-99లో పన్నెండు పలకల వుడ్‌కట్ చేశారు. ఎత్తు దాదాపు ఎనిమిది అడుగులు, పొడవు దాదాపు 50 అడుగులు. నగరం బయట నుంచి మొదలై, కిటికీలోంచి ఒక ఇంటి లోపలికి వెళుతుంది. అక్కడ ఆరుగురు నల్లజాతి మగవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఆపైన పడకగది. అంతే. తుపాకీ లేదు, పోలీసు లేదు, శవం లేదు. నల్లవాళ్లు వార్తల్లో కనపడే ఏ కారణమూ అందులో లేదు. స్నేహితులు కూర్చుని కబుర్లు చెప్పుకునే మామూలు సాయంత్రానికి ఆయన యుద్ధ చిత్రాలకిచ్చే గోడ ఇచ్చారు.

మన దేశంలో అచ్చు కళలోకి కులాన్ని సూటిగా తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు సావి సావర్కర్. 1961లో నాగపూర్‌లో పుట్టి, బరోడాలో అచ్చు కళ చదువుకున్నారు. మెడలో ఉమ్మికుండ, నడుముకు చీపురు కట్టిన అంటరాని మనిషిని, దేవదాసిని ఆయన ఎచింగుల్లో, చిత్రాల్లో నిలబెట్టారు. ఎచింగ్ రాగి, జింకు రేకుల మీద ఆమ్లంతో చేసే పద్ధతి. సావర్కర్ తర్వాత దళిత చిత్రకారులు ఎందరో వచ్చారు. అయినా ఆ మొదటి దెబ్బ అచ్చు పలక మీద పడిందని గుర్తుంచుకోవాలి.

విశాఖ నుంచి ఎర్ర నేల

సోగ్రా ఖురసానీ విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదివి, తర్వాత బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో అచ్చు కళలో పీజీ చేశారు. సావర్కర్ చదివిన చోటే అది. ఆమె పేరు ఎక్కువమందికి తెలిసింది పెద్ద వుడ్‌కట్ల వల్ల. 2015లో ముంబైలోని టార్క్ గ్యాలరీలో "క్రేటర్డ్ ఫిక్షన్" అనే ప్రదర్శన చేశారు.

ఆమె అచ్చుల్లో మనుషులు దాదాపు కనపడరు. నేల కనపడుతుంది. గుంటలు పడిన నేల, అగ్నిపర్వతం, కదిలే పొలం లాంటి ఉపరితలం. రంగు ఎక్కువగా ఎరుపు. దూరం నుంచి ఏదో గ్రహం మీది నేలలా ఉంటుంది. దగ్గరికి వెళితే చర్మంలా, రక్తకణాల్లా, మానుతున్న గాయంలా కనిపిస్తుంది. ఆమె ఒక పనికి పెట్టిన పేరు "వన్ డే ఇట్ విల్ కమ్ అవుట్". ఏదో ఒకరోజు బయటికొస్తుంది అని. లోపల అణిచిపెట్టిన మాట, కోపం, నొప్పి గురించే ఆ పేరు. స్త్రీల మీద హింస, నోరు మూయించడం ఆమె పనిలో పదేపదే వచ్చే విషయాలు. కానీ హింసకు గురైన స్త్రీ శరీరాన్ని ఆమె బొమ్మగా పెట్టరు.

ఇది మనం ఆలోచించాల్సిన ఎంపిక. కారంచేడు నుంచి హాథ్రస్ దాకా దళిత స్త్రీల శరీరాల ఫొటోలు ఎలా తిరిగాయో మనకు తెలుసు. న్యాయం కోసం పంచినవాళ్లూ ఉన్నారు, చూసి మరిచిపోయినవాళ్లూ ఉన్నారు. చనిపోయిన అమ్మాయి ముఖాన్ని ఫ్లెక్సీ మీద వేస్తే ఆమె ఇంటివాళ్లు రోజూ దాని కింద నుంచి నడవాలి. సోగ్రా వేరే దారి పట్టారు. గాయాన్ని నేలగా మార్చి, ఆ నేలను చూసేవాడి కంటే పెద్దగా చేశారు. చేతిలో పట్టే సైజులో అయితే అది ఒక అందమైన ప్రకృతి దృశ్యం అయిపోయేది. గోడంత సైజులో అయితే చూసేవాడు దాని బయట నిలబడలేడు. ఆ ఎరుపు కంటి చివర దాకా ఉంటుంది. పైగా ఆ గుంటలన్నీ నిజంగా ఉలితో తవ్వినవే. గాయం బొమ్మ గీయడానికీ, చెక్కకు గాయం చేసి బొమ్మ తీయడానికీ ఉన్న తేడా ఆ కాగితం మీద తెలుస్తుంది.

బాల్టిమోర్‌లో ఒక ఇంటి రోజు

లతోయా హాబ్స్ దారి దీనికి ఎదురు. ఆమె అచ్చుల్లో అంతా మనుషులే. అర్కాన్సాలోని లిటిల్ రాక్‌లో పుట్టి, బాల్టిమోర్‌లో స్థిరపడి, అక్కడి మేరీల్యాండ్ ఇన్‌స్టిట్యూట్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో పాఠాలు చెబుతున్నారు. నల్లజాతి స్త్రీ అచ్చు కళాకారుల సంఘం బ్లాక్ విమెన్ ఆఫ్ ప్రింట్ వ్యవస్థాపక సభ్యుల్లో ఒకరు. 2020-21లో ఆమె చేసిన పెద్ద పని పేరు "కార్వింగ్ అవుట్ టైమ్". చెక్కడం అనే మాటకూ, సమయం మిగుల్చుకోవడం అనే మాటకూ ఇంగ్లీషులో ఒకే పదం. ఆ రెండు అర్థాలూ ఆమెకు కావాలి.

ఐదు దృశ్యాలు ఒక రోజును చూపిస్తాయి. ఉదయం. పిల్లల ఇంటిచదువు, ఇంటిపని. రాత్రి భోజనం. పిల్లలను పడుకోబెట్టడం. చివరికి స్టూడియో. ఒక తల్లి, ఒక భార్య, ఒక చిత్రకారిణి. ముగ్గురూ ఒకే మనిషి. ఇంటిల్లిపాదీ నిద్రపోయాక ఆమె రోజు మళ్లీ మొదలవుతుంది. కరోనా కాలంలో బడులు మూసేసి ఇల్లే బడి అయినప్పుడు చేసిన పని ఇది. మనుషులు నిజమైన సైజులోనే ఉంటారు, కాబట్టి చూసేవాళ్లు ఆ ఇంట్లోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది. ఆ ఇంటి గోడల మీద కాట్లెట్ లాంటి ముందుతరం నల్లజాతి కళాకారుల పనులు కనపడతాయి. తన ఇల్లు ఎవరు కట్టిన పునాది మీద నిలబడిందో ఆమె దాచుకోలేదు. 2021లో బాల్టిమోర్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో రంగు పూసిన చెక్క పలకలనే నిలబెట్టి చూపారు. వాటి నుంచి తీసిన అచ్చులను 2024లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ప్రదర్శించారు.

చెక్క అచ్చులో నలుపు గురించి ఒక మాట. చెక్కలో నలుపు అంటే ఉలి ముట్టకుండా నిలిచిన చోటు, సిరాను మోసేది అదే. తవ్విన కొద్దీ వెలుగు వస్తుంది, ఆ వెలుగు చర్మం మీద కండ ఎక్కడుందో, ఎముక ఎక్కడుందో చెబుతుంది. హాబ్స్ ముఖాల్లో ఒక్కో గీత ఒక్కో ఉలి దెబ్బ. నలుపును తగ్గించకుండానే ముఖానికి లోతు తెచ్చారు. మన క్యాలెండర్లలో, సినిమా పోస్టర్లలో, చివరికి మన మహనీయుల బొమ్మల్లో కూడా రంగు తేల్చేసే అలవాటు ఎంత ఉందో గుర్తు చేసుకుంటే ఈ నలుపు విలువ తెలుస్తుంది.

ఇంటిపని గురించి ఇంకో మాట. పెనుగొండకు దగ్గరలోని నరసాపురం లేసు ప్రపంచానికి తెలుసు. 19వ శతాబ్దంలో మిషనరీలు ముందుగా ఈ అల్లిక నేర్పింది కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన మాల, మాదిగ పేద స్త్రీలకు. తర్వాత అది ఇతర కులాల ఇళ్లలోకీ వెళ్లింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ ప్రాంతంలో పరిశోధన చేసి 1982లో నరసాపురం లేసు స్త్రీల మీద పుస్తకం రాశారు. ఆమె తేల్చింది ఏమిటంటే, వేలమంది స్త్రీలు ప్రపంచ మార్కెట్ కోసం పనిచేస్తున్నా వాళ్లను ఎవరూ కార్మికులుగా లెక్కపెట్టలేదు. ఇంట్లో కూర్చుని తీరిక వేళ అల్లుకుంటున్నారని అన్నారు. ఆ తీరిక పేరుతోనే కూలి తగ్గించారు, లాభం వ్యాపారులకు వెళ్లింది. వంటా, పిల్లలూ, పశువులూ అయ్యాక మిగిలిన గంటల్లో అల్లినదాన్ని తీరిక అన్నారు. హాబ్స్ తన ఐదు దృశ్యాల్లో లెక్క చెప్పింది ఆ గంటలకే. ఆమె పనికి ఆమె పేరు ఉంది. నరసాపురం లేసు బల్లగుడ్డ మీద అల్లిన స్త్రీ పేరు ఉండదు.

అచ్చు చెక్కినవాళ్ల పేర్లు

చెక్క అచ్చు మనకు కొత్త కాదు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ గుడ్డల మీద అద్దేది టేకు చెక్క అచ్చులే. పువ్వు, తీగ, అంచు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. వెంట్రుకవాసి తేడా వస్తే రంగు మీద రంగు కూర్చోదు. అంత సన్నగా చెక్కే చేతులు ఇక్కడే, ఒక రోజు ప్రయాణం దూరంలోనే ఉన్నాయి. మచిలీపట్నం కలంకారీ అన్న పేరు దేశాలు దాటింది. అచ్చు చెక్కిన మనిషి పేరు ఊరు దాటలేదు.

కళ, చేతిపని అనే విభజన కులంతో కలిసి వచ్చింది. పేరు పెట్టుకుని సంతకం చేసేది కళ. సంతకం లేకుండా తరాలుగా చేసేది వృత్తి. చర్మం మీద తోలుబొమ్మ గీసేవాళ్లు, డప్పుకు చర్మం బిగించేవాళ్లు, అచ్చు చెక్కేవాళ్లు, రంగు అద్దేవాళ్లు, బట్టలు ఉతికి రంగు నిలబెట్టేవాళ్లు అందరూ రెండో వైపే ఉండిపోయారు. సోగ్రా, హాబ్స్ లాంటివాళ్లు ఉలి పట్టుకుని గ్యాలరీలోకి వెళ్లినప్పుడు ఆ గీత కొంత చెరిగింది. కానీ వాళ్లకు విశ్వవిద్యాలయం ఉంది, గ్యాలరీ ఉంది. అది లేని ఉలి ఇంకా బయటే ఉంది. ఫైన్ ఆర్ట్స్ చదివే మన విద్యార్థులు పెడన వెళ్లి, అచ్చు చెక్కేవాళ్లను గురువులుగా కూర్చోబెట్టుకుని నేర్చుకోవడం, వాళ్ల పేర్లు రాసిపెట్టడం చేయదగిన పని.

మ్యూజియం గోడా, పేట గోడా

పెద్ద చెక్క అచ్చుల మీద ఒక విమర్శ న్యాయమైనదే. అవి చివరికి మ్యూజియంలకే చేరుతున్నాయి. పదిమందికి పంచే గుణం ఉన్న అచ్చు, సైజు పెరిగేసరికి ఖరీదైన వస్తువు అయిపోతోంది. అంత పెద్ద కాగితం, అంత పెద్ద ప్రెస్సు, ఇన్నే తీస్తామన్న పరిమితి, అన్నీ కలిసి ధర పెంచుతాయి.

దీనికి ఒక జవాబు మలేసియా నుంచి వచ్చింది. బోర్నియో దీవిలోని సబా రాష్ట్రంలో రనావ్ అనే కొండ ఊళ్లో 2010లో పాంగ్రోక్ సులాప్ అనే బృందం ఏర్పడింది. ఆదివాసీ యువకులు, కళాకారులు కలిసి పెద్ద పెద్ద చెక్క పలకలు చెక్కుతారు. కొనకండి, మీరే చేసుకోండి అనేది వాళ్ల నినాదం. ప్రెస్సు ఉండదు. సిరా పూసిన పలక మీద గుడ్డ పరిచి, పాట పెట్టుకుని, అందరూ దాని మీద ఎక్కి తొక్కుతారు. చూడటానికి వచ్చినవాళ్లనూ ఎక్కిస్తారు. పాదాల బరువే ప్రెస్సు. ఊరి భూమి, అడవి, అవినీతి, గుర్తింపు పత్రాలు లేని మనుషులు వాళ్ల బొమ్మల్లో విషయాలు. 2017లో కౌలాలంపూర్‌లో సబా గురించి వాళ్లు పెట్టిన పెద్ద వుడ్‌కట్‌ను ఫిర్యాదు వచ్చిందని ప్రదర్శన నుంచి తీసేశారు. అప్పుడు దేశమంతా దాని గురించి మాట్లాడింది. గరగపర్రు గొడవ కూడా అదే సంవత్సరం. రెండు చోట్లా అడ్డు వచ్చింది అందరికీ కనపడే చోట నిలబడిన బొమ్మే.

కారంచేడు, చుండూరు తర్వాత తెలుగు దళిత ఉద్యమం పాటను, కవిత్వాన్ని, కథను పెద్ద ఎత్తున తెచ్చింది. డప్పు రోడ్డెక్కింది. బొమ్మ మాత్రం ఫ్లెక్సీ షాపులోనే ఆగిపోయింది. కంప్యూటర్లో దొరికిన ఫొటో, పైన నాయకుల తలలు, కింద చందా ఇచ్చినవాళ్ల తలలు. వర్షాకాలం దాటితే చిరిగి కాలువలో తేలుతుంది. పాటకు మనం సొంత గొంతు కట్టుకున్నట్టు, బొమ్మకు సొంత చెయ్యి కట్టుకోవాల్సి ఉంది.

ఒక షీటుతో మొదలుపెట్టాలంటే

విద్యార్థి సంఘమో, హాస్టలో, పేట యువజన సంఘమో ఏప్రిల్ 14కి ఒక పెద్ద అచ్చు చేయాలనుకుంటే పద్ధతి ఇది.

ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు ఒకటి చాలు. పైపొర నున్నగా, ముడులు లేకుండా ఉన్నది చూసుకోవాలి. గరుకు కాగితంతో రుద్ది, పలచగా నల్లరంగు పూసి ఆరనిస్తే, తర్వాత ఉలి పడిన చోటు తెల్లగా స్పష్టంగా కనపడుతుంది. బొమ్మను సుద్దముక్కతో గీయాలి. అక్షరాలుంటే తిప్పి గీయాలి. కాగితం మీద మామూలుగా రాసి, వెనక్కి తిప్పి, వెలుతురులో చూసి దిద్దుకోవడం తేలిక.

ఉలులు రెండు రకాలు కావాలి. సన్నగీతకు వి ఆకారపు మొన ఉన్నది, వెడల్పుగా తీయడానికి గుండ్రటి మొన ఉన్నది. వడ్రంగి దగ్గర కూర్చుని పదును పెట్టడం ముందు నేర్చుకోవాలి. మొద్దు ఉలే చెయ్యి కోస్తుంది. ఉలి ముందుకు వెళ్లే దారిలో రెండో చెయ్యి ఎప్పుడూ పెట్టకూడదు. ప్లైవుడ్‌లో పైపొర లోతు తవ్వితే సరిపోతుంది, ఇంకా లోపలికి వెళ్లనక్కరలేదు. నలుగురైదుగురు ఒకేసారి నాలుగు వైపులా కూర్చుని చెక్కవచ్చు. చెక్కేటప్పుడు మాటలు సాగుతాయి. చాలాసార్లు బొమ్మలో ఏముండాలో ఆ మాటల్లోనే తేలుతుంది.

సిరా ఆఫ్‌సెట్ ప్రెస్సులో దొరికే నల్ల సిరా పనికొస్తుంది. గాజుపలక మీద రోలరుతో పలచగా సాగదీసి, చెక్క మీద రెండు మూడు సార్లు తిప్పాలి. ఎక్కువైతే సన్నగీతలు మూసుకుపోతాయి. పైన ముతక కానిది, నేత దగ్గరగా ఉన్న కోరా గుడ్డ ముడతలు లేకుండా పరిచి, దాని మీద ఇంకో పాత దుప్పటి వేసి, చెప్పులు విప్పి ఎక్కి తొక్కాలి. అంచులు, ముఖాలు ఉన్న చోట గరిటె వెనకవైపుతో రుద్దాలి. ఒక మూల ఎత్తి చూసి, పలచగా పడితే మళ్లీ తొక్కాలి. నూనె సిరా ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది, కాబట్టి సభకు ముందురోజు మొదలుపెట్టకూడదు. చెక్కను తుడిచి భద్రంగా పెడితే వచ్చే ఏడాది మళ్లీ పనికొస్తుంది.

ఏం చెక్కాలన్నది ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. బాబాసాహెబ్ ముఖం ఎవరైనా మొదట అనుకునేదే, అది ఉండాలి కూడా. దాని పక్కన హాబ్స్, మార్షల్ చూపించిన దారిలో ఇంకొకటి కూడా ఆలోచించవచ్చు. తెల్లారుజామున నాట్లకు వెళ్లే ఆడవాళ్ల ఆటో. చేపల చెరువు దగ్గర మేత బస్తా మోసే మనిషి. దీపం దగ్గర లేసు అల్లే అమ్మమ్మ చేతులు. హాస్టల్ గదిలో ఇనప మంచం మీద పుస్తకం పట్టుకున్న అమ్మాయి. ఇవి వార్తల్లోకి రావు, ఎవరూ విగ్రహం కట్టరు. ఎనిమిది అడుగుల ఎత్తున, నిజమైన మనిషి సైజులో, నల్లటి నలుపులో గోడ మీద నిలబెడితే దాని ముందు నడిచే ప్రతివాడూ తల పైకెత్తాలి.

చివరగా అచ్చు కింద పేర్లు. గుడ్డ అంచున గీసినవాళ్ల, చెక్కినవాళ్ల, తొక్కినవాళ్ల పేర్లు అందరివీ రాయండి. ఉలికి పదును పెట్టిచ్చిన వడ్రంగి పేరు కూడా.